అడుగులకు అరిసెలు

పసివాడు బోర్లాపడితే బొబ్బట్లు వండుతాం. తప్పటడుగులు వేస్తే అరిసెలు వండి వీధంతా పంచుతాం. వాడు రెండడుగులు వేసి చతికిలబడితే చప్పట్లు కొడతాం. "లే నాయనా, మళ్ళీ లే" అంటాం. వాడు పడ్డాడని యింట్లో ఎవరూ దిగులుపడరు. పడకుండా నడక నేర్చినవాడు లోకంలో లేడని అందరికీ తెలుసు.

అదే యింట్లో తాతగారికి పక్షవాతం వచ్చిందనుకోండి. ఆసుపత్రినుంచి యింటికి తెచ్చారు. ఓనాడు ఆయన మంచంకోడు పట్టుకుని లేచి, రెండడుగులు వేసి తూలారు. అప్పుడేమంటాం? "మీకెందుకండీ యీ అవస్థ? హాయిగా పడుకోండి. ఏం కావాలన్నా మేం లేమూ?" అంటాం. కొడుకు పరుగెత్తుకొచ్చి పడుకోబెడతాడు. కోడలు కంచం మంచం దగ్గరికే తెస్తుంది. మనుమడు మంచినీళ్ళు అందిస్తాడు. అందరిదీ ప్రేమే. కాని ఆ ప్రేమే నెల తిరిగేసరికి ఆ పెద్దాయనను మంచానికి కట్టి పడేస్తుంది.

పక్షవాతం వచ్చిన మనిషి తిరిగి నడవడమంటే పసివాడి పాఠం మళ్ళీ మొదటినుంచీ చదవడమే. తేడా ఏమిటంటే, పసివాడికి భయం తెలియదు, సిగ్గు తెలియదు. పెద్దవారికి రెండూ తెలుసు. పైగా పసివాడి చుట్టూ చప్పట్లు కొట్టేవారుంటారు. పెద్దవారి చుట్టూ నిట్టూర్చేవారుంటారు. ఆ పాఠం ఎలా చదవాలి, ఎవరు చదివించాలి, ఎంతవరకు ఆశపెట్టుకోవచ్చు అన్నవే యీ వ్యాసంలోని విషయాలు.

కాలికి కాదు జబ్బు

"కాలూ చెయ్యీ పడిపోయాయి" అంటాం. నిజానికి కాలికి ఏ జబ్బూ లేదు. ఎముక బాగానే వుంది, కండ బాగానే వుంది. చెడినది మెదడులో వుంది. మెదడుకు నెత్తురు తీసుకుపోయే నాళంలో గడ్డ అడ్డుపడినా, ఆ నాళమే చిట్లినా, దాని కింద బతికే భాగం కొద్ది నిమిషాలలోనే చావడం మొదలుపెడుతుంది. ఆ భాగం ఏ అవయవానికి ఆజ్ఞలు పంపుతూ వుండేదో ఆ అవయవం నిశ్చేష్టమవుతుంది. నరాలు అటునుంచి యిటు దాటుకుని దిగుతాయి గనుక ఎడమ మెదడు చెడితే కుడి కాలూ చెయ్యీ, కుడి మెదడు చెడితే ఎడమవీ పడిపోతాయి. ఎడమ మెదడు చెడినవారిలో చాలామందికి మాట కూడా పోతుంది. కుడి మెదడు చెడినవారిలో కొందరికి మరో చిత్రమైన అవస్థ కలుగుతుంది. తమకు ఎడమవైపు ఒకటి వున్నదనే సంగతే మరిచిపోతారు. కంచంలో కుడివైపు అన్నం తిని, ఎడమవైపుది వదిలేస్తారు. నడుస్తూ ఎడమ భుజాన్ని ద్వారబంధానికి కొట్టుకుంటారు. అది మొండితనమూ కాదు, మతిమరుపూ కాదు, జబ్బులో భాగం.

నడకకు బలం ఒక్కటే చాలదు, నిలకడ కావాలి. మనం నిలబడినప్పుడు కళ్ళు ఒక కబురు చెబుతాయి, చెవి లోపలి భాగం ఒక కబురు చెబుతుంది, అరికాలూ కీళ్ళూ మరో కబురు చెబుతాయి. మూడింటినీ కూడి మెదడు క్షణక్షణం ఒంటిని సరిదిద్దుతూ వుంటుంది. పక్షవాతంలో తరచు అరికాలి కబురు అందకుండా పోతుంది. కాలు నేలమీద వున్నదో గాలిలో వున్నదో తెలియదు. ఆ స్థితిలో "ధైర్యంగా నడు" అని చెప్పడం కళ్ళకు గంతలు కట్టి గట్టుమీద నడవమనడమే.

ఇక్కడ ఒక మాట. మూతి వంకరపోవడం, చెయ్యి జారిపోవడం, మాట ముద్దగా రావడం, హఠాత్తుగా తూలడం వంటి గుర్తులు కనబడగానే 108కి కబురుచేసి, తలకు స్కానింగు తీసే ఆసుపత్రికి చేర్చాలి. గడ్డ కరిగించే మందు మామూలుగా నాలుగున్నర గంటల లోపలే యివ్వాలి. పావురాయి నెత్తురు పూయించడానికో, పసరు పోయించడానికో ఊళ్ళు తిరిగితే ఆ గంటలు తిరిగిరావు. తరువాతి నెలల సంగతీ అంతే. నూనె మర్దన ఒంటికి హాయినిస్తే యివ్వవచ్చుగాని మెదడుకు నడక నేర్పదు. నడక నేర్పేది నడకే.

పాకిన ప్రొఫెసరుగారు

పెడ్రో బాక్-యి-రీటా అని ఒక కాటలాన్ పండితుడు, కవి. న్యూయార్కు సిటీ కాలేజీలో అధ్యాపకుడు. 1950ల చివర, 65 యేళ్ళ వయసులో ఆయనకు తీవ్రమైన పక్షవాతం వచ్చింది. ముఖం, ఒళ్ళు ఒకవైపు పడిపోయాయి, మాట పోయింది. ఇక ఆశ లేదని, ఏదైనా శరణాలయంలో చేర్చమని వైద్యులు చెప్పారు. ఆయన కొడుకులలో ఒకరైన జార్జి అప్పుడు మెక్సికోలో వైద్యవిద్యార్థి. శరణాలయంలో చేర్చడానికి మనసొప్పక, తండ్రిని తన యింటికి తెచ్చుకున్నాడు. అక్కడి ఆసుపత్రిలో నాలుగు వారాల చికిత్స చేయించాడు. అప్పట్లో చికిత్స అంతకాలమే యిచ్చేవారు. గుణం కనబడలేదు. తోటమాలి సాయంతో తండ్రిని ఎత్తి స్నానానికి తీసుకుపోవలసి వచ్చేది.

జార్జికి యీ చికిత్సలో అనుభవం లేదు. ఆ తెలియకపోవడమే మేలయింది. "మనిషి నడవకముందు పాకుతాడు కదా, మరి నాన్నగారు మాత్రం ఎందుకు పాకకూడదు?" అనుకున్నాడు. మోకాళ్ళకు మెత్తలు కట్టి తండ్రిని నేలమీద పాకించాడు. పడిపోయిన వైపు గోడకు ఆనుకుని, ప్రొఫెసరుగారు నెలల తరబడి పాకారు. తోటలో కూడా పాకించేవాడు. ఇరుగుపొరుగు వారు ఊరుకుంటారా? అంత పెద్దమనిషిని కుక్కలా పాకించడం బాగాలేదన్నారు. జార్జి వినలేదు. నేలమీద గోళీలు దొర్లించి, బలహీనమైన చేతితో పట్టమనేవాడు. గిన్నెలు తోమించేవాడు, పావుగంట ఒకవైపు తిప్పుతూ, పావుగంట రెండోవైపు తిప్పుతూ. చికిత్స కోసం వేరే పరికరాలేవీ లేవు. ఇంట్లో రోజూ జరిగే పనులే పాఠాలు. పాకడంనుంచి మోకాళ్ళమీద నిలబడడం, అక్కడినుంచి లేవడం, ఆ తరువాత నడవడం. మాట కూడా మెల్లగా తిరిగివచ్చింది. టైపుమిషను మీద ఒక్కొక్క వేలే ఆనించి రాయడం మళ్ళీ నేర్చుకున్నారు. ఏడాది గడిచేసరికి తిరిగి కాలేజీలో పాఠాలు చెప్పే స్థితికి వచ్చారు!

తరువాత ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకున్నారు, దేశాలు తిరిగారు. 1960ల మధ్యలో, 70 దాటిన వయసులో, కొలంబియా దేశంలో కొండ ఎక్కుతుండగా గుండెపోటు వచ్చి చనిపోయారు.

కథ అక్కడితో ముగియలేదు. పెడ్రోగారి మరో కొడుకు పాల్ కూడా వైద్యుడే. చనిపోయాక తండ్రి మెదడును కోసి పరీక్షించిన డాక్టరు, ఆ చిత్రాలు పాల్‌కు చూపారు. పాల్ నివ్వెరపోయాడు. తండ్రికి బాగయింది గనుక మెదడులోని దెబ్బ కూడా మానిపోయివుంటుందనే ఆయన అనుకున్నాడు. దెబ్బ మానలేదు. మెదడునుంచి వెన్నుపాముకు దిగే ప్రధానమైన నరాలలో నూటికి 97 వంతులు నాశనమైపోయి వున్నాయి. మిగిలిన మూడు వంతులతో ఆయన కొండలెక్కారు! ఆ దృశ్యమే పాల్ జీవితాన్ని మార్చివేసింది. మెదడు తనను తాను ఎలా మలచుకుంటుందన్న పరిశోధనలో 2006లో చనిపోయేదాకా ఆయన కృషి చేశాడు.

అందరూ పెడ్రోగారంతగా కోలుకుంటారని చెప్పడం మోసం. కాని "ఇక ఆశ లేదు" అనే మాట ఎంత తొందరపాటు మాటో ఆయన కథ చెబుతున్నది.

దారి మూసుకుపోతే సందుదారి

పెద్దరోడ్డు మూసేస్తే ఊరివాళ్ళు సందుల్లోంచి దారి చేసుకుంటారు. మొదటిరోజు తడబడతారు, నెల తిరిగేసరికి ఆ సందే బాట అవుతుంది. మెదడూ అంతే. చచ్చిన భాగం బతకదు; దాని పొరుగున వున్నది ఆ పని నేర్చుకుంటుంది. కాని ఊరికే నేర్చుకోదు. రాండాల్ఫ్ నూడో అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ 1996లో కోతులమీద చేసిన ప్రయోగాలలో యిది తేలింది. చేతి భాగం కొంత దెబ్బతిన్న కోతులకు ఏ శిక్షణా లేకపోతే, మెదడులో దెబ్బతినని చేతి భాగం కూడా తరిగిపోయింది. ఆ చేతితోనే ఆహారం తీసుకునేటట్లు రోజూ సాధన చేయించిన కోతులలో ఆ భాగం తరగకుండా నిలిచింది. కొన్నింటిలో పక్కకు విస్తరించింది కూడా. వాడితే పెరుగు, మానితే తరుగు.

కోలుకోవడానికి ఒక వరస వుంటుంది. థామస్ ట్విచెల్ అనే వైద్యుడు 1951లోనే దీన్ని వివరంగా రాశాడు. మొదట కాలూ చెయ్యీ వడలిన తోటకూర కాడల్లా వేలాడతాయి. కొన్ని రోజులకో వారాలకో బిగుసుకోవడం మొదలవుతుంది. ఆ దశలో కదిలించబోతే ఒక కీలు కాక, కాలంతా ఒక్కుమ్మడిగా కదులుతుంది. తరువాతగాని ఏ కీలు కా కీలు విడిగా కదలదు. అందుకే పక్షవాతం నడకను దూరంనుంచే గుర్తుపట్టవచ్చు. మోకాలు మడవలేక, పాదం పైకెత్తలేక, కాలిని పక్కనుంచి అర్ధచంద్రాకారంగా విసురుతూ వేస్తారు.

ఎంత కాలం? డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో 804 మంది రోగులను వరసగా గమనించి 1995లో ఫలితాలు ప్రకటించారు. మొదట్లో వారిలో సగంమంది అసలు నడవలేని స్థితిలో వున్నారు. బతికి బయటపడినవారిలో, చికిత్స ముగిసేనాటికి నూటికి 64 మంది ఎవరి సాయమూ లేకుండా నడిచారు. చాలామందికి వచ్చే గుణం మొదటి మూడు నెలల లోపలే వచ్చింది. కనుక ఆ నెలలు బంగారం. అయితే మూడు నెలలు దాటితే తలుపు మూసుకున్నట్టని అనుకోకూడదు. ఆరు నెలలు, సంవత్సరం గడిచినవారు కూడా సాధన చేస్తే నడక వేగమూ నిలకడా మెరుగుపడతాయని ఎన్నో పరిశీలనలు చూపాయి. పరుగు మందగిస్తుందేగాని ఆగదు.

ఎన్ని అడుగులు?

పసివాడు నడక ఎలా నేర్చుకుంటాడో కొందరు శాస్త్రజ్ఞులు లెక్కగట్టారు. 2012లో ప్రకటించిన ఆ లెక్క ప్రకారం ఏడాది వయసు దాటిన పిల్లలు ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2368 అడుగులు వేస్తారు, 17 సార్లు పడతారు! 2009లో మరికొందరు ఆసుపత్రులలో పక్షవాత రోగుల వ్యాయామాన్ని గమనించి లెక్కవేస్తే, నడక నేర్పే ఒక్కొక్క తరగతిలో రోగులు వేసిన అడుగులు సగటున 357. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి చూడండి. మనవారు కోలుకోకపోవడానికి ఒక కారణం తెలిసిపోతుంది. మెదడు చెడిందని మాత్రమే కాదు, పాఠం చాలలేదు.

అలాగని మొదటిరోజునుంచే పరుగెత్తించమని కాదు. ఆస్ట్రేలియా ఆధ్వర్యాన అయిదు దేశాలలో 2104 మంది రోగులపై జరిగి, 2015లో ప్రకటితమైన పరీక్షలో, మొదటి 24 గంటల లోపలే లేపి ఎక్కువసేపు నడిపించినవారికంటే, మామూలు పద్ధతిలో నిదానించినవారే కొంచెం ఎక్కువగా కోలుకున్నారు. తొలిరోజుల్లో ఎప్పుడు లేపాలో, ఎంతసేపు లేపాలో వైద్యుడే చెప్పాలి. ఆ తరువాత కొద్దికొద్దిగా, మాటిమాటికీ అన్నది సూత్రం. గంటసేపు ఒక్కసారి నడిచి సొమ్మసిల్లడంకంటే, పది నిమిషాల చొప్పున ఆరుసార్లు నడవడం మేలు. నడుస్తుండగా గుండెలో నొప్పి, విపరీతమైన ఆయాసం, కళ్ళు తిరగడం కలిగితే వెంటనే ఆపి డాక్టరుకు చెప్పాలి.

మంచంనుంచి వీధిగుమ్మం దాకా

సాధన నడకతో మొదలవదు, కూర్చోవడంతో మొదలవుతుంది. మంచం అంచున, పాదాలు రెండూ నేలకు ఆనేటట్టు, ఏ ఆసరా లేకుండా నిటారుగా కూర్చోవాలి. చాలామంది మంచి వైపుకే ఒరిగిపోతారు. కొందరు దానికి వ్యతిరేకంగా, చెడ్డవైపుకు తమను తామే నెట్టుకుంటారు. నిటారుగా కూర్చోబెట్టబోతే తోసేస్తున్నారని భయపడతారు. ఎదురుగా నిలువుటద్దం వుంటే తమ వంకర తమకే తెలిసివస్తుంది. కూర్చోవడం కుదిరాక చేయి చాచి అందుకునే అభ్యాసం. మంచి చేతితో ముందుకు, పక్కకు, చెడ్డకాలి వైపుకు కూడా వంగి ఏదైనా అందుకోవాలి. తమలపాకుల పళ్ళెమో, కళ్ళజోడో అక్కడ పెట్టండి. వట్టి వ్యాయామం విసుగు. పని వుంటే విసుగు వుండదు.

రెండవది లేచి నిలబడడం. దీనిని మించిన వ్యాయామం లేదంటే అతిశయోక్తి కాదు. పాదాలు మోకాళ్ళకంటె కొంచెం వెనక్కు పెట్టి, ముక్కు కాలివేళ్ళను దాటేదాకా ముందుకు వంగి, అప్పుడు లేవాలి. వెనక్కి వాలి లేవబోతే ఎవరికైనా సాధ్యం కాదు. వడులు సాగిన నవారు మంచం, పడకకుర్చీ దీనికి పనికిరావు. చేతులున్న గట్టి కుర్చీ, కొంచెం ఎత్తుగా వున్నది కావాలి. సులువయ్యాక తక్కువ ఎత్తు కుర్చీకి మారాలి. మంచికాలిని కొంచెం ముందుకు జరిపితే బరువు చెడ్డకాలిమీద పడుతుంది, దానికి పని తగులుతుంది. లేవనెత్తే మనిషి చంకలో చేయివేసి గుంజకూడదు. పడిపోయిన భుజంకీలు పట్టుతప్పి వుంటుంది. గుంజితే జారి, సంవత్సరాలపాటు నొప్పి పెడుతుంది. నడుముకు గట్టి బెల్టో, మడతపెట్టిన పంచెో కట్టి దాన్ని పట్టుకోవాలి.

మూడవది నిలబడి బరువు మార్చడం. వంటింటి గట్టు ముందు నిలబడితే ముందు గట్టు, వెనక కుర్చీ. పడినా భయం లేదు. ఒంటి బరువును యీ కాలినుంచి ఆ కాలికి మార్చాలి. మడమలు ఎత్తి దించాలి. మంచికాలిని చిన్న పీటమీద పెట్టి తీయాలి. పెట్టేది మంచికాలైనా పాఠం చెడ్డకాలికి, బరువంతా మోసేది అదే కదా!

నాలుగవది నడక. చేతికర్ర మంచి చేతిలో వుండాలి. చెడ్డకాలి వైపున పట్టుకోవడం చాలామంది చేసే పొరపాటు. కర్ర, చెడ్డకాలు, మంచికాలు అన్నది వరస. పాదం వేలాడి వేళ్ళు నేలకు తగులుతుంటే, చీలమండను పట్టివుంచే తేలికైన పట్టీ దొరుకుతుంది. కొలత యిచ్చి చేయించుకోవచ్చు. మెట్లకు ఒక గుర్తు చెబుతారు: ఎక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు చెడ్డకాలు ముందు. మంచివారు పైకి, చెడ్డవారు కిందికి అనుకుంటే మరిచిపోరు! చదునైన నేల అలవాటయ్యాక పక్కకు నడవడం, వెనక్కు నడవడం, నేలమీద పెట్టిన పుస్తకాన్ని దాటడం, తిరగడం.

నడిచేటప్పుడు మొదట్లో కబుర్లు వద్దు. "నాన్నా, కూరేం చేయమంటావు?" అని వెనకనుంచి పిలిస్తే ఆయన ఆలోచన కూరమీదికి పోతుంది, కాలు ఆగిపోతుంది. మాట్లాడితే నడక ఆగిపోయే వృద్ధులే ఎక్కువగా పడుతున్నారని 1997లో స్వీడనులో గమనించారు. నడక బాగా అలవాటయ్యాక మాటలూ నేర్పాలి. బజారులో నోరుమూసుకుని నడవలేం కదా!

అభివృద్ధి తెలియాలంటే కొలత కావాలి. కుర్చీలోనుంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగివచ్చి కూర్చోవడానికి ఎన్ని సెకన్లు పట్టిందో గడియారం చూసి రాసిపెట్టండి. 1991నుంచి లోకమంతటా వాడుతున్న పరీక్ష యిది. సుమారు 14 సెకన్లు దాటితే పడే భయం ఎక్కువ అని గ్రహించాలి. మరొకటి, పది మీటర్ల నడక. 25 సెకన్లు దాటితే యింట్లో తిరగడానికే ఆ నడక చాలుతుంది; పన్నెండున్నర సెకన్ల లోపల నడిస్తే బజారుకు పోయి రావచ్చు. నిన్న 40, నేడు 38. ఆ రెండు సెకన్లు రోగికి యిచ్చే బలం ఏ టానిక్కూ యివ్వలేదు.

ఇల్లే బడి, యిల్లే శత్రువు

మన యిళ్ళు నిలకడగల మనుషులకోసం కట్టినవి. పసుపు రాసిన గడప చూడ ముచ్చటగా వుంటుంది, కాని పాదం ఎత్తలేనివారికి అది కొండ. దాని అంచున కనబడేటట్టు తెల్లటి గీత గీయండి. పక్కన ద్వారబంధానికి పట్టుకునే కడ్డీ వేయించండి. తడిసిన స్నానాలగది నేల మరీ ప్రమాదం. గరుకు చాప, కూర్చుని పోసుకునేందుకు జారని కాళ్ళున్న గట్టి స్టూలు, గోడకు కడ్డీ తప్పనిసరి. నేలబారు మరుగుదొడ్డిలో గొంతుక్కూర్చుని లేవడం చాలాకాలం కుదరదు. పైన అమర్చే కుర్చీ దొరుకుతుంది. వెనక పట్టీ లేని రబ్బరు చెప్పులు వేలాడే పాదానికి నిలవవు. కాళ్ళకు అడ్డంపడే పంచె కుచ్చెళ్ళూ, చీర కుచ్చెళ్ళూ కొంతకాలం పైకి కట్టుకోవాలి. రాత్రివేళ మంచంనుంచి మరుగుదొడ్డిదాకా చిన్న దీపం వెలగాలి.

అదే యిల్లు బడి కూడా. కంచం మంచం దగ్గరికి తేకండి, ఆయననే భోజనాల బల్ల దగ్గరికి రానివ్వండి. పది నిమిషాలు పడుతుందా? పట్టనివ్వండి. దినపత్రిక వీధి అరుగుమీద వుండాలి, తులసికోటకు నీళ్ళు ఆయనే పోయాలి. ఎవరైనా పక్కన వుండాలి. పట్టుకోవడానికి కాదు, పడబోతే ఆపడానికి.

యంత్రాలా, మనుషులా?

ఈ రోజుల్లో పెద్ద ఆసుపత్రులలో రోగిని పట్టీలతో వేలాడదీసి, కదిలే పట్టాపై నడిపించే యంత్రాలు వచ్చాయి. అవి లేకపోతే తమవారు బాగుపడరేమోనని మధ్యతరగతి కుటుంబాలవారు అప్పులు చేయాలనుకుంటారు. దీనికి 2011లో అమెరికాలో ఒక సమాధానం దొరికింది. 408 మంది రోగులలో కొందరికి ఆ యంత్రంపైన, కొందరికి యింటిదగ్గరే ఫిజియోథెరపిస్టు వచ్చి బలానికీ నిలకడకూ వ్యాయామం చేయించారు. ఒక్కొక్కరికి 36 తరగతులు, తరగతి గంటన్నర. సంవత్సరం చివర అందరిలో నూటికి 52 మంది నడక పై మెట్టుకు చేరింది. యంత్రంవారికీ యింటివారికీ తేడా లేదు! అయితే ఒక హెచ్చరిక కూడా వుంది: ఆ ఏడాదిలో సగానికి మించినవారు ఒక్కసారైనా పడ్డారు. అందుకే నిలకడ పాఠం ఎన్నడూ మానకూడదు.

"అలాగైతే మేమే యింట్లో చేయించేస్తాం, ఫిజియోథెరపిస్టు ఎందుకు?" అంటారేమో. దానికి జవాబు మన దేశంలోనే దొరికింది. 14 ఆసుపత్రులలో 1250 మంది రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగంలో యింటివారికే వ్యాయామాలు నేర్పి పంపారు. 2017లో ఫలితాలు వెలువడ్డాయి. ఆరు నెలలకు చనిపోయినవారూ, ఒకరిమీద ఆధారపడినవారూ కలిపి రెండు భాగాలలోనూ నూటికి 47 మందే. ఇంటివారికి నేర్పినందువల్ల అదనంగా మేలు జరగలేదు. ప్రేమ వుంటే చాలదు, విద్య కూడా కావాలన్నమాట. ఏ దశలో ఏ వ్యాయామం, దేనిని ఎప్పుడు పెంచాలి, ఎక్కడ తప్పు జరుగుతున్నది అని చూడగల మనిషి వారానికి కొన్నిసార్లయినా రావాలి. మిగిలిన గంటలు యింటివారివి. అప్పు చేసి యంత్రం వెంట పడడంకంటె, ఆ డబ్బుతో మంచి ఫిజియోథెరపిస్టును మరికొన్ని నెలలు పిలిపించుకోవడం తెలివైన పని.

మనసు మాట

పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడోవంతు మందిని ఏదో ఒక సమయంలో తీవ్రమైన దిగులు ఆవరిస్తుంది. వ్యాయామానికి రానంటారు, తినరు, పలకరు, ఊరికే కన్నీళ్ళు పెట్టుకుంటారు. "సోమరితనం" అని కసరకండి. అది కూడా చికిత్స వున్న జబ్బే, డాక్టరుతో చెప్పండి. మాట పోయినంతమాత్రాన బుద్ధి పోలేదన్న సంగతి గుర్తుంచుకోండి. ఎదుటే నిలబడి, "ఇంక యీయన పనైపోయింది" అని చుట్టాలతో చెబితే ఆయన వింటారు.

రోగిని చూసుకునే మనిషి సంగతి కూడా మరిచిపోకూడదు. మన యిళ్ళలో ఆ మనిషి తరచుగా భార్యో, కోడలో. రాత్రి నాలుగుసార్లు లేస్తుంది, పగలంతా ఎత్తి దించుతుంది. ఆమె నడుము విరిగితే రోగి నడుము నిలబడదు. మగపిల్లలు ఉదయం ఒక పూట, సాయంత్రం ఒక పూట నడిపించే బాధ్యత తీసుకోవాలి.

ఏదో ఒకనాడు తాతగారు కర్ర పట్టుకుని, చెమటలు కక్కుతూ, ఎవరి చేయీ పట్టుకోకుండా వీధి గడప దాటుతారు. అది పసివాడి మొదటి అడుగుకంటె చిన్న విషయమేమీ కాదు. ఆనాడు యింట్లో అరిసెలు వండండి. ఆయనకు మాత్రం, మధుమేహం వుంటే డాక్టరుగారి మాట విని, ఒక్క ముక్కే పెట్టండి. వీధంతా పంచే పని ఆయనకే అప్పగించండి. ఒక్కొక్క యింటికీ నడిచి వెళ్ళి యిచ్చి రావాలి కదా!